ఎస్ మీట మీద చ

ఆ ఉదయం ఇంట్లో ఐదుగురున్నారు. సింధూరి, ఆమె తండ్రి నగరేశ్వరరావు, తల్లి కన్యాకుమారి, శృంగవరపుకోట నుంచి వచ్చిన మేనమామ కళ్యాణ్, కోర్టు పంపిన ప్లీడరు గణపతిరావు. చివరి ఇద్దరూ వచ్చింది ముందుగదిలోని పాత కంప్యూటరు కోసమే.

అందులో తెలుగు టైపు చేసే ప్రోగ్రాం ఉంది. నల్ల తెర, మౌస్ కూడా లేదు. అయినా జిల్లాలో సగం ప్రెస్సులు 2013లోనూ శుభలేఖలు దానితోనే వేస్తున్నాయి. గజపతినగరంలో నగరేశ్వరరావు కంపెనీ, శృంగవరపుకోటలో కళ్యాణ్ కంపెనీ దాన్ని అమ్ముతున్నాయి. అది నాదంటే నాదని బావాబావమరదులు రెండేళ్ళ కిందట విజయనగరం కోర్టుకెక్కారు. అప్పటి నుంచి కన్యాకుమారికి పుట్టిల్లు లేదు. తమ్ముడి కూతురి బారసాలకి కూడా పిలుపు రాలేదు.

"తొలి బస్సుకి వచ్చినావు. ఏటి తిన్నావురా?" అంటూ ఆమె తమ్ముడి ముందు ఉప్మా పళ్ళెం పెట్టింది.

"వద్దక్కా."

"ప్రతివాదికి ఉప్మా పెడతన్నావేటి?" అన్నాడు నగరేశ్వరరావు.

"వాది ఇప్పుడే తిన్నాడు కదా!" అంది కన్యాకుమారి. గణపతిరావు దగ్గు నెపంతో నవ్వు దాచుకున్నాడు.

ప్రోగ్రాం ఎవరిదో తేల్చడానికి ఆయన ఇద్దరిచేతా ఒకే వాక్యం టైపు చేయించాడు. ఇద్దరూ తడుముకోకుండా కొట్టారు. ఆయన మీటల వంక చూసి అడిగాడు.

"చ అక్షరం సి మీద ఉండాలి కదా! ఎస్ మీద ఎందుకు పెట్టారు?"

"స్పీడు కోసం సార్," అన్నాడు నగరేశ్వరరావు.

"కాదండీ, సి ఖాళీ లేక," అన్నాడు కళ్యాణ్.

"సి ఖాళీగానే ఉందయ్యా."

గుమ్మం దగ్గర నుంచి కన్యాకుమారి అంది.

"నాను పెట్టానండి. పెళ్ళయిన కొత్తలో వీళ్ళిద్దరూ ప్రోగ్రాం రాసీవోరు. ఏ అక్షరం ఎక్కడుండాలో గళ్ళు గీసి ఇచ్చింది నాను. నాను సెప్పు అంటాను గానీ చెప్పు అనను కదండీ. నోరెలా తిరిగితే ఏలు అలా తిరిగింది."

గణపతిరావు కళ్ళజోడు తీశాడు. "ఇద్దరి అఫిడవిట్లలోనూ 'నేనొక్కడినే తయారు చేశాను' అని ఉందే!"

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు నగరేశ్వరరావు.

"ఎల్ను." ఆమె గొంతు పెంచలేదు. "మీ కేసు మీరు సెప్పుకున్నారు. నాది సెప్పనీండి. ఒరే కళ్యాణ్, రెండేళ్ళు ఈ గుమ్మం తొక్కలేదు. నీ కూతురి మొహం నాకు తెలీదు. అది ఏ కోర్టులో సెప్పుకోవాల్రా?"

కళ్యాణ్ తల దించుకున్నాడు. ఉప్మా పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది మింగలేక ఏడ్చేశాడు. "నీ పేరు రాయాలని తోచనే లేదక్కా."

నగరేశ్వరరావు ప్లీడరు వైపు తిరిగాడు. "నిజమే సార్. గళ్ళు గీసింది ఆవిడే. నాకూ తోచలేదు."

"వాయిదాకి వారం ఉంది. రాజీ అయితే కాగితం తెండి," అని గణపతిరావు ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

"కాగితం నాను కొడతాను. ముగ్గురి పేర్లూ ఉంటాయి. ఇద్దరూ అమ్ముకోండి, ఎవడూ ఎవడి మీదా కేసెట్టకండి," అంది కన్యాకుమారి.

ఇద్దరూ తలలూపి వరండాలోకి నడిచారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లిని ఆ కుర్చీలో సింధూరి ఎన్నడూ చూడలేదు. దుమ్ము తుడవడానికి తప్ప ఆ గదిలోకి ఆమె వచ్చేదే కాదు. ఇప్పుడు మీటల వైపు చూడకుండానే వేళ్ళు పరుగెడుతున్నాయి. సింధూరి కళ్ళు చెమర్చాయి. ఏదో ఒకటి అనాలనిపించి గుమ్మంలో నిలబడి మెల్లగా అడిగింది.

"అమ్మా, మరి వంట?"

కన్యాకుమారి లేచి వచ్చింది. కూతురి చెంప మీద చెయ్యి వేసింది.

"మీ నాన్నా, మావయ్యా ఉన్నారు కదే. ఆల్లనడుగు," అని తలుపు మూసేసింది.