మూడో అంతస్తు వెనక మెట్లు

"బీదవాడిలా కాదు శ్యామ్, బీద టూరిస్టులా కనిపించాలి. రెండింటికీ చాలా తేడా ఉంది" అన్నాడు చీఫ్ కోదండం, ఢిల్లీ ఆఫీసులో ఫైలు మూస్తూ.

"మిషన్?"

"కలకత్తా డాక్‌లో మెషిన్ పార్టుల పేరుతో తుపాకులు దిగుతున్నాయి. దింపేది ఒక విదేశీ ముఠా. క్రేన్ నడిపే బైరాగి అనే సిక్కోలు మనిషి మనకి సమాచారం ఇస్తున్నాడు. డాక్‌లో ఎవడో ఉప్పందిస్తున్నాడని వాళ్లకి అర్థమైంది. ఎవడన్నదే తెలియదు. ఆ పేరు నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మూడో చెవిన పడితే బైరాగి శవం హుగ్లీలో తేలుతుంది."

"వాళ్ల డ్రాప్ ఎక్కడ?"

"బుధవారం సాయంత్రం నాలుగింటికి, యూదుల పాత ప్రార్థన మందిరంలో. మూడో బెంచీ అడుగున కాగితం అతికిస్తారు. తీసుకునేవాడు హాన్స్ అనే తెల్లవాడు. పెట్టేదెవరో నువ్వు కనిపెట్టాలి. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోరు, అది వాళ్ల రూలు."

అలా ఏజెంట్ శ్యామసుందర్ 1987 మార్చిలో చిరిగిన జీన్స్‌తో, వీపున బ్యాక్‌ప్యాక్‌తో సడ్డర్ స్ట్రీట్‌లోని ఒక చవక లాడ్జిలో దిగాడు. చేతిలో గైడ్‌బుక్, మొహాన పది రోజుల గడ్డం. చవకగా తిరిగేవాడికి కలకత్తా అంత ఉదారమైన ఊరు ఇంకోటి లేదు. కాళీఘాట్, అర్మేనియన్ల చర్చి, పెద్ద మసీదు, జైన మందిరం, చీనావాళ్ల గుడి... ఎక్కడా టిక్కెట్టు లేదు, ఏ మతంవాడివని అడిగేవాడూ లేడు. ముఠా తన పోస్టాఫీసుల్ని అక్కడ పెట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది?

లోకల్ కాంటాక్ట్ పేరు వేదవతి. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఎదుటివాడు రెండో మాట మరిచిపోయేంత అందం. కోడ్‌వర్డ్ తడుముకోకుండా చెప్పింది. శ్యామసుందర్ నమ్మాడు.

బుధవారం నాడు బంద్. ట్రాము లేదు, బస్సు లేదు, టాక్సీ లేదు. లాడ్జిలోని టూరిస్టులంతా ముందురోజే రైళ్లెక్కి పోయారు. మేనేజరు ఇంటి దగ్గర చేపల పులుసు తింటున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి వేదవతి లూచీల పొట్లంతో, అంటే బెంగాలీ పూరీలతో, నడిచి వచ్చింది.

"ఈ రోజు మీకేమైనా అయితే ఆ మనిషిని కాపాడాల్సింది నేనే కదా. ఎవర్ని కాపాడాలో తెలియకుండా ఎలా శ్యామ్?"

అడిగిన తీరు న్యాయంగానే అనిపించింది. "బైరాగి. ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాడు" అన్నాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కాగితం తీసి రాసుకుంది. శ్యామసుందర్ చూపు ఆ కాగితం మీదే ఆగింది. ట్రెయినింగ్ పొందిన ఏ ఏజెంటూ పేరు రాసుకోడు. తలెత్తేసరికి, దిండు కింద ఉండాల్సిన అతని పిస్టల్ ఆమె చేతిలో ఉంది.

"థాంక్యూ. ఆరింటికి బంద్ అయిపోగానే టాక్సీ వస్తుంది. అప్పటిదాకా మీ శవాన్ని ఎలా మోయిస్తాను చెప్పండి? బంద్‌కి పిలుపిచ్చినవాళ్లకి రుణపడి ఉండండి."

గడియారంలో దాచిన ట్రాన్స్‌మిటర్, పెన్ కెమెరా, సంచీ అన్నీ తీసుకుపోయింది. బయట గడియ పడింది. వరండాలో స్టూలు మీద ఒకడు కూర్చున్న చప్పుడు.

కిటికీకి ఇనుప చువ్వలు. కింద సందులో గోడకానుకుని ఇంకొకడు. అరిస్తే వినేవాడు ఆ స్టూలు మీదివాడే. బాత్‌రూమ్ చివర మోకాలెత్తు గడప మీద ఒక చిన్న తలుపుంది, దానికి అవతల తాళం. భుజంతో మూడుసార్లు తోశాడు. చెక్క మూలిగిందే తప్ప కదల్లేదు.

న్యూ మార్కెట్ గడియారం రెండు కొట్టింది. శ్యామసుందర్ బాత్‌రూమ్ గచ్చు మీద కూలబడ్డాడు. చావంటే అతనికి పెద్ద భయం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఎక్కడో ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మనిషి బంద్ పుణ్యమా అని పిల్లల్ని పక్కన వేసుకుని నిద్రపోతుంటాడు. లూచీ తిన్నంత తేలిగ్గా అతని పేరు చెప్పేశాడు తను. నాలుగింటికి ఆ పేరున్న కాగితం మూడో బెంచీ కిందికి చేరుతుంది.

రెండున్నరకి ఆ చిన్న తలుపు అవతల తాళం కిర్రుమంది.

తలుపు తీసింది చీపురు, చెత్తతట్ట పట్టుకున్న ఒక ముసలమ్మ. ఆమె వెనక కిందిదాకా చుట్టలు తిరిగిన ఇనుప మెట్లు. పాత కలకత్తా మేడలన్నిటికీ అవి ఉంటాయి. పాయిఖానా కడిగేవాళ్లు ఇంట్లోంచి నడవకుండా వెనక నుంచే ఎక్కి వెనక నుంచే దిగిపోవాలని కట్టినవి. పది రోజులుగా తను నిద్ర లేచేసరికి బాత్‌రూమ్ ఎలా శుభ్రమవుతోందో అతను ఒక్కసారీ ఆలోచించలేదు.

"అమ్మా! మెల్లిగా!" అన్నాడు కంగారులో, తెలుగులో.

"తెలుగోడివేటి?" ముసలమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "పది దినాల్నించి నీ పాయిఖానా కడుగుతన్నాను, ఒక్కపాలి నోరు మెదిపేవు కాదు. బంద్ గదా, తీరుబడిగా కడుగుదామని యీయేల మజ్జానం వొచ్చేను."

పేరు అప్పాయమ్మ. కార్పొరేషన్‌లో ఊడ్పు పని, మిగతా పూట ఈ లాడ్జి. శ్యామసుందర్ గుసగుసగా అంతా చెప్పేశాడు, తన తెలివితక్కువతనంతో సహా.

"ఆ మడిసి పేరేటి?"

"పేరు చెప్పకూడదమ్మా."

"పట్టుసీర కట్టినదానికి సెప్పేవు. నాకు సెప్పకూడదేటి?"

 తల దించుకున్నాడు.

"మా సిక్కోలోడేనా?"

"అవును."

"సాల్లే. జోళ్లిప్పు." తన నెత్తి మీది గంఛా తువ్వాలు తీసి అతని మొహం చుట్టూ కట్టింది. "పంట్లాం తీసి ఆ కొక్కేనికున్న లుంగీ కట్టు. సినిగిన పంట్లామేసుకుంటే దాదాలు టూరిస్టంటారు. ఈ తట్ట నెత్తినెట్టుకో, ఈ సీపురు సేత పట్టుకో. కారితే తుడుసుకోకు, తుడుసుకుంటే కొత్తోడివని తెలిసిపోద్ది. గోడవార నడు."

"మరి నువ్వు?"

"నాను నీళ్లు పోస్తుంటాను. నువ్వు తానం సేస్తన్నావని ఆ బైటోడు అనుకుంటాడు. గంటలగంటలు తానం సేసే బాబుల్ని సూడ్నేదేటి నాను?"

ఇనుప మెట్లు దిగుతుంటే చెత్తతట్టలోంచి చల్లగా ఏదో చెవి వెనక్కి జారింది. తుడుచుకోలేదు. సందులో గోడకానుకున్నవాడికి జేబులో కత్తి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. శ్యామసుందర్ దగ్గరికి రాగానే వాడు ముక్కు మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు. మూరెడు దూరంలో దాటాడు. వేషాల మీద నాలుగేళ్ల ట్రెయినింగ్‌లో ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

చౌరంగీలో ట్రాము పట్టాల మీద కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. తట్ట చూసి ఆట ఆపి దారి వదిలారు. ఎర్రజెండాల కింద అరుగుల మీద జనం రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. ఎవరి కళ్లూ అతని మీద నిలవలేదు. లాల్‌బజార్ పోలీసుల ముందు నుంచే నడిచాడు. గుర్తింపు కాగితం లేని చెత్త మనిషి మాట వాళ్లు నమ్మేసరికి నాలుగు దాటిపోతుంది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. మూడు మైళ్ల నగరం అంతమంది మనుషుల మధ్య కూడా తనని గదిలాగే బిగించి పట్టుకుందనిపించింది.

మందిరం గేటు దగ్గర కాపలా ముసలాయన, నెత్తిన నమాజు టోపీ, ఒళ్లో పెద్ద తాళం. మూడు తరాలుగా యూదుల గుడికి కాపలా ఆ ముస్లిం కుటుంబమే. "బంద్ రోజు కూడా వచ్చావా? నాలుగింటికి మూసేస్తాను, త్వరగా ఊడ్చు" అన్నాడు హిందీలో.

రంగుటద్దాల వెలుగులో మూడో బెంచీ మీద వేదవతి కూర్చుని ఉంది. శ్యామసుందర్ మొదటి బెంచీ నుంచి ఊడ్చుకుంటూ వచ్చాడు.  మూడో బెంచీ దగ్గర వంగాడు. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చూపు కిటికీ మీదికి తిప్పి, చీపురు పోవడానికి వీలుగా రెండు కాళ్లూ పైకెత్తింది.

చెయ్యి బెంచీ అడుగున తడిమింది. చూయింగ్ గమ్‌తో అతికించిన కాగితం. పీకి, మరో ఆలోచన లేకుండా నోట్లో వేసుకుని మింగేశాడు. ఆ చేత్తోనే. దాని రుచి గురించి అతను తర్వాత ఎవరికీ చెప్పలేదు.

నాలుగుకి ఒక నిమిషం. హాన్స్ లోపలికొచ్చాడు. వేదవతి లేచింది. శ్యామసుందర్ తట్ట ఎత్తుకుని, హాన్స్ ఊపిరి బిగబట్టి పక్కకి జరిగితే, బయటికి నడిచాడు. మెట్లు దిగగానే పరుగు. ముసలాయన ఒళ్లోంచి తాళం లాక్కుని, వేదవతి గేటు చేరడానికి నాలుగడుగులుండగా గొలుసు బిగించి నొక్కాడు.

"అరే, లోపల మనుషులున్నారు!"

"ఉన్నారు చాచా. అందుకే!" ముసలాయన్ని గోడ చాటుకి లాగి తనెవరో చెప్పాడు. "లాల్‌బజార్‌కి పరుగెత్తు."

గేటు అవతల పిస్టల్ పట్టుకుని వేదవతి నిలబడింది. కాల్చడానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. అతని గొంతు గుర్తుపట్టి అడిగింది. "శ్యామ్? ఎప్పుడొచ్చారు లోపలికి?"

"మీరు కాళ్లెత్తారు కదా మేడమ్. అప్పుడు అక్కడే ఉన్నాను."

 పోలీసులు పన్నెండుమంది నడిచే వచ్చారు. పిస్టల్ గేటు కింద నుంచి బయటికి జారింది.

లాడ్జికి వెళ్లిన పోలీసులకి స్టూలు మీదివాడు ఇంకా అక్కడే దొరికాడు. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉందట.

రాత్రి ఢిల్లీకి ట్రంక్ కాల్. "బైరాగి?" అన్నాడు కోదండం.

"ఇంట్లోనే ఉన్నాడు సార్. రేపు కుటుంబంతో సహా ఊరు దాటించేస్తున్నాం."

"గుడ్. పట్టపగలు లాడ్జి నుంచి మందిరం దాకా నడిచావు. దారిలో నిన్ను ఎవరైనా చూశారా?"



"ఊరంతా రోడ్ల మీదే ఉంది సార్. ఒక్కరూ చూడలేదు."