మిర్చి బార్జ్

"పడవ మునగాలి. వంతెన చేరకముందే." చీఫ్ రాజేశ్వర్ రావు బ్రీఫింగ్ అంతే. ఆయన మాటలు కూడా రేషన్ మీదే ఇస్తాడు.

ఏజెంట్ శశాంక్ హనుమకొండలో జిరాక్స్ షాపు ఓనర్ వేషంలో ఉన్నాడు. వెనక గదిలో ట్యాబ్ మీద గోదావరి మ్యాప్, దాని మీద కదులుతున్న ఎర్ర చుక్క. ఆ చుక్క ఒక కార్గో బార్జ్. పేరుకు వరంగల్ మిర్చి. బస్తాల అడుగున విదేశీ ముఠా దాచిన పేలుడు మందు. అవతల వంతెన మీద జాతరకు పోయే జనం, ఇసకేస్తే రాలనంత మంది! పోలీసులు దగ్గరికి పోతే ముఠా అక్కడికక్కడే పేల్చేస్తుంది. తడిస్తే మాత్రం ఆ మందు బూడిదకు సమానం.

బార్జ్ అడుగున, చిల్లు పడి నీళ్లు ఎక్కేంత చిన్న బాంబు అతికించింది శోభారాణి. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఎవరినైనా బుట్టలో వేసే నవ్వు. డబుల్ ఏజెంట్; ముఠా మనిషిగా అదే బార్జ్ ఎక్కింది. ఆమె అసలు ఎవరి మనిషో చీఫ్‌కు ఎప్పుడూ అనుమానమే. శశాంక్‌కు లేదు. పోయినేడు తూటా తగిలి పడిపోతే అతన్ని దవాఖానకు మోసుకుపోయింది ఆమే. అప్పట్నుంచి అక్కా అనే పిలుస్తున్నాడు.

ప్లాన్ సులువు. వంతెనకు ముందున్న రేవులో ఆమె దిగిపోవాలి. ఫోన్ చేసి "గంప దించిన" అనాలి. అప్పుడు శశాంక్ కారు తాళంచెవిలా ఉన్న శాటిలైట్ రిమోట్ నొక్కాలి.

చుక్క రేవులో ఆగింది, మళ్లీ కదిలింది. ఫోన్ మోగింది.

"గంప దించిన తమ్మీ. ఒత్తు."

"ఎక్కడున్నవ్ అక్కా?"

"గట్టు మీద. చాయ్ తాగుతాన."

వెంటనే దగ్గు. ఊపిరాడని, ఆగని దగ్గు. మిర్చి యార్డులో ఒక్కసారి తిరిగినవాడికైనా ఆ దగ్గు తెలుసు. గట్టు మీద మిర్చి ఘాటు ఎక్కడిది?

"నువ్వు దిగలే అక్కా. అబద్ధమాడుతానవ్."

"పసిగట్టిండ్రు. బస్తాల అర్రల తోసి తాళమేసిండ్రు. ఫోన్ రవికల ఉన్నది, సూడలే. బ్రిడ్జి కనవడుతాందని పైన ఒర్రుతాండ్రు. జర జల్ది ఒత్తు."

"ఇంకో తొవ్వ లేదా?"

"ఉంటే నీకెందుకు ఫోన్ జేస్త? ఏడ్వకురా. ఒత్తు!"

దేవుడా, లోకంలో ఇంతమంది శత్రువులుండగా ఈ మనిషినేనా! శశాంక్ వేలు ఎంతకీ కదలలేదు. ఎర్ర చుక్క వంతెన గీతను తాకబోయింది. నొక్కాడు.

దగ్గు తెగిపోయింది. చుక్క ఆరిపోయింది. బయట ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ కావాలని కేకేస్తున్నారు. అతనికి లేవబుద్ధి కాలేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! బార్జ్ మునిగింది. వంతెన మీద ఒక్కరికీ గీత పడలేదు. కానీ శోభారాణి ఫోన్ ఎత్తట్లేదు. నేను అనుకున్నదే, వాళ్ల వైపు జారుకుంది. ఈ నెల నుంచి ఆమె జీతం ఆపేస్తున్నా."

"ఆపండి సార్," అన్నాడు శశాంక్. "అడగనీకె రాదు."