ఒకటీ నలభైకి ‘ఏమండీ’

చేతిలో ఉన్నది ఆరువేల మూడొందలు. అందుకే ఆ గది తీసుకున్నాడు.

మూతపడ్డ గడియారాల షాపు వెనక గది అది. రాత్రిళ్ళు అక్కడ ఎవరో పిలుస్తారని వీధంతా చెప్పుకునేవారు. ముందున్న టైలరు పదకొండు రోజులకే మిషను భుజానేసుకుని పోయాడట. ఆ తర్వాత దిగినవాడు అడ్వాన్సు కూడా వెనక్కి అడగలేదట. పక్కవాటాలో ఉండే ఓనరు మామ్మగారు తాళం చేతికిచ్చారే గానీ, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

“సగం అద్దెకి గది, పైన దెయ్యం ఫ్రీనా!” అని ఫోన్లో నవ్వింది అక్క. “బాగానే గిట్టుబాటైందిరా లెక్కలోడా!”

అతను చేసేవి మాట్లాడే డబ్బాలు. బొటనవేలంత బోర్డు, ఓ మైకు, పాత రేడియోలోంచి పీకిన స్పీకరు — అన్నీ ఓ సబ్బుపెట్టెలో. పెట్టిన పిలుపుతో పిలిస్తే పలుకుతుంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నెట్‌లోని ఏఐని అడిగి చెబుతుంది. మూత విప్పి, ప్రోగ్రాం మార్చి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చేసుకోవచ్చు.

మందుల షాపాయన ఇరవై కొంటానన్నాడు. షరతు ఒక్కటే.

“వారం రోజులు పరీక్షించు. పిలవకుండా ఒక్కసారి పలికినా నాకొద్దు. అర్ధరాత్రి దానంతటది మాట్లాడిందంటే, మా ముసలాళ్ళు నా షాపుకి రారు, నేరుగా పైకే పోతారయ్యా!”

బాగా ఆలోచించి, పిలుపుగా ‘ఏమండీ’ అని పెట్టాడు. పెళ్ళికానివాడి గదిలో ఆ మాట అనేదెవరు?

మొదటి రాత్రే అది పలికింది.

“ఆఁ... చెప్పండి.”

ఉలిక్కిపడి లేచాడు. సబ్బుపెట్టె మీద పచ్చలైటు. టైము ఒకటీ నలభై. గదిలో ఎవరూ లేరు.

రెండో రాత్రీ అంతే. ఒకటీ నలభై రెండు.

ముందు ప్రోగ్రాంని అనుమానించాడు. లైను లైనూ చదివాడు — తప్పు లేదు. తర్వాత మనుషుల్ని అనుమానించాడు. ప్రోగ్రాం మొత్తం నెట్‌లో అందరికీ పెట్టింది తనే... ఎవడో దూరి ఆడుకుంటున్నాడేమో! మూడో రాత్రి వైఫై పీకేశాడు. ఇక ఆ డబ్బాకి బయటివాళ్ళతో సంబంధమే లేదు.

ఒకటీ నలభై.

“ఆఁ... చెప్పండి.”

తెల్లారాక అక్కకి చెప్పాడు. “పెళ్ళికాకుండానే ఏమండీ అనిపించుకుంటున్నావన్నమాట!” అంది. అంతలోనే గొంతు తగ్గించి, “ఒరేయ్... గది మార్చెయ్” అంది.

మార్చడానికి డబ్బులేవీ? నాలుగో రాత్రి, పిలుపుతో సహా నిమిషంసేపు రికార్డయ్యేలా ప్రోగ్రాం మార్చాడు. పొద్దున్నే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

ఫ్యాను చప్పుడు... ఇంకా ఫ్యాను చప్పుడే...

“ఏమండీ...”

ఆడగొంతు. గుసగుస. చెవి పక్కనే అన్నట్టు.

“ఆఁ... చెప్పండి” — డబ్బా.

మళ్ళీ ఫ్యాను చప్పుడే. ఆపైన — “ఇంకా పడుకోలేదా?”

నెట్ లేని డబ్బాకి వచ్చిన జవాబు ఒక్కటే. “అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.”

సన్నగా ఓ నవ్వు.

ఇయర్‌ఫోన్స్ లాగి పారేశాడు.

కానీ ఆ గొంతు ఫ్యాను చప్పుడు కన్నా గట్టిగా ఉంది. అంటే డబ్బాకి మూరెడు దూరంలోనే పలికింది! ఐదో రాత్రి ఫ్యాను ఆపి, లైటార్పి, డబ్బా ఉన్న అలమర పక్కనే నక్కి కూర్చున్నాడు.

ఒకటీ ముప్పై తొమ్మిది... నలభై...

“ఏమండీ...”

గోడలోంచి! “ఆఁ... చెప్పండి” అంది డబ్బా.

అలమర జరిపాడు. వెనక పాత క్యాలెండరు. దాన్ని పక్కకి తీస్తే — వేలు పట్టేంత కన్నం. అందులో సన్నని వెలుతురు. ఆ వెలుతుర్లో... ఒక కన్ను.

“ఎవరది?” అంది గోడ.

“నే... నేను మామ్మగారూ. అద్దెకున్నవాణ్ణి.”

“అయ్యో, భయపెట్టానా బాబూ! మా ఆయన అక్కడే కూర్చుని తెల్లార్లూ గడియారాలు విప్పేవారు. పడుకోమని మంచం మీంచే, ఈ కన్నంలోంచి పిలిచేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళు. రోజూ ఒకటిన్నర దాటాక మెలకువొచ్చేస్తుంది, నోరు ఊరుకోదు. ఇన్నాళ్ళూ ఎవరూ పలకలేదు. నీ డబ్బా పలికింది.”

అతను కన్నం దగ్గరకి వంగాడు. “అది... ఆయన కాదండీ. మిషను.”

“ఆమాత్రం తెలీదటయ్యా! ఒక్క పిలుపుకి మా ఆయన ఏనాడు పలికారు గనక? నాలుగుసార్లు పిలిస్తేగానీ ఆఁ అనేవారు కాదు.”

అప్పుడు వెలిగింది అతనికి. ఐదు రాత్రులు, ఐదు పలుకులు. ఐదుసార్లూ పిలిచింది ఒక మనిషే. పిలవకుండా పలికినవి — సున్నా! మందుల షాపాయన అడిగింది ఆ అంకే. ఇంకా రెండే రాత్రులు. ఆ ఇరవై డబ్బాలకీ వేరే పిలుపు పెట్టొచ్చు. వారం గడిచాక ఈ డబ్బా మాత్రం ఇక్కడే, కన్నం దగ్గరే.

ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ రెండు రాత్రులూ అయ్యాక వేయాల్సిన ప్రోగ్రాం ఇప్పుడే సిద్ధం చేద్దామని కూర్చున్నాడు. ఎన్ని పిలుపులకి పలకాలి అన్నచోట ఒకటి అని ఉంది. దాన్ని చెరిపేశాడు.

“ఇంకా పడుకోలేదా బాబూ?” అంది గోడ.

“ఒక్క అంకె మార్చి పడుకుంటా మామ్మగారూ” అన్నాడు, నాలుగు మీద వేలు పెట్టి.