చల్లటి వడ్లు

సూర్యాపేట బస్టాండు ఎదురుగా టీ తాగుతున్న ద్వాళి మెడలో బుల్లెట్ దిగింది. గ్లాసు కింద పడేలోపే ప్రాణం పోయింది. సైలెన్సర్ పెట్టిన తుపాకీ కాబట్టి చప్పుడు రాలేదు. కళ్లు తిరిగి పడ్డాడనుకుని పక్కవాడు మొహం మీద నీళ్లు చల్లాడు.

ద్వాళి పదేళ్లుగా ఏజెంట్ ధనుంజయ్‌కి ఇన్ఫార్మర్. చనిపోయే ముందు ఒక మెసేజ్ పంపాడు. "మిర్యాలగూడ. మిల్లు లైన్ల ట్రాక్టర్. రేపు పది యాభై ఐదు. కోదాడల చరితను కలువు."

ధనుంజయ్ పనిచేసే నిఘా విభాగం చీఫ్ శశిధర్ సెక్యూర్ లైన్‌లోకి వచ్చాడు.

"విదేశీ ముఠా. ట్రాలీలో ఆర్డీఎక్స్. ఫోన్ కాల్‌తో పేలుతుంది. బాంబు దొరికిన క్షణం నాకు చెప్పు. పోలీసులకు కాదు, నాకు."

మర్నాడు పొద్దున కోదాడలో, వడ్ల కొనుగోలుదారు వేషంలో ధనుంజయ్ చరిత ఎదురుగా కూర్చున్నాడు. అటు ముఠాకీ ఇటు శశిధర్‌కీ పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

"పదకొండింటికి పార్లమెంటులో అవిశ్వాసం మీద ఓటింగండీ. గవర్నమెంటు ఓడిపోద్ది. బాంబు పేలినా, దొరికినా గవర్నమెంటు వాళ్లకి ఒకటే. దేశానికి ప్రమాదమని సభని సస్పెండ్ చేసే కాగితం రెడీగా ఉంది. మీ చీఫ్‌కి అంతా తెలుసు."

"నాకెందుకు చెప్తున్నవ్?"

"ద్వాళి గారు టీ ఎక్కడ తాగుతారో ముఠాకి చెప్పింది నేనే. చంపుతారనుకోలేదు."

ధనుంజయ్‌కి ఆమె గొంతు నులమాలనిపించింది. టైమ్ లేదు. లేచి కారెక్కాడు.

మిర్యాలగూడ మిల్లు ముందు అరవై ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ రెండు వందల మంది రైతులు. ధనుంజయ్ చేతిలోని తేమ మీటరు నిజానికి ఫోన్ కాల్స్ అందకుండా అడ్డుకునే జామర్. దాని సిగ్నల్ పది అడుగులు దాటదు. గడియారం పది నలభై ఎనిమిది చూపిస్తోంది.

గేటు దగ్గర రాలిన గింజలు ఊడుస్తున్న ఈదమ్మ చీపురు ఆపింది. "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"ఒక్క బండిల తేడా ఉన్నదమ్మా. ఏ బండో తెల్వదు."

"చెయ్యి పెట్టి సూడు. రాత్రి కోసిన పచ్చి వడ్లు కుప్పల కాగుతుంటయ్. గా నీలం ట్రాలీల పొద్దుగాల పెట్టి సూసిన, సల్లగున్నయ్. ఎండిన వడ్లు. ఎండినయి తెచ్చి పచ్చి వడ్ల లైన్ల ఎవడు పెడ్తడు?"

ధనుంజయ్ పరుగెత్తాడు. ట్రాలీ ఎక్కి జామర్ ఆన్ చేసి, భుజం దాకా చెయ్యి దించాడు. చల్లటి గింజల అడుగున ప్లాస్టిక్ కవరు తగిలింది. పైకి లాగాడు. బాంబుకి కట్టిన ఫోన్‌లో సిగ్నల్ లేదు, స్క్రీన్ మీద టైమ్ పది యాభై నాలుగు. ఫోన్ నుంచి డిటొనేటర్‌కి వెళ్లే వైరు కత్తిరించాడు. పొట్లాన్ని పక్కన పెట్టుకుని వడ్ల మీదే కూర్చున్నాడు.

జామర్ ఆపగానే శశిధర్ ఫోన్.

"దొరికిందా?"

ధనుంజయ్‌కి దవాఖానలో తెల్లగుడ్డ కింద పడుకున్న ద్వాళి గుర్తొచ్చాడు. "లేదు సార్. వడ్లు తప్ప ఏం లేవు."

"అబద్ధం చెప్తే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పడుతుంది. ఆపదలో రెండు నెలలు సభ మూస్తే ఏం కొంప మునుగుతుంది?"

"ఆపదొస్తే సభ ఇంకింత సేపు నడపాలె సార్. మూయమనేది ఓడిపోయేటోడే."

ఫోన్ పెట్టేసి, మళ్లీ కాల్ రాకుండా దాని బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. గంటసేపు ఆ పొట్లం పక్కనే, ఎవర్నీ దగ్గరికి రానీయకుండా కాపలా కూర్చున్నాడు. గేటు దగ్గర రేడియోలో ఓటింగు ముగిసిందని చెప్పారు. ప్రభుత్వం పడిపోయింది.

అప్పుడు ఫోన్‌లో బ్యాటరీ మళ్లీ వేసి, బాంబ్ స్క్వాడ్‌కి కబురు పెట్టి, చీఫ్ నంబరు కలిపాడు.

"ఇప్పుడే దొరికింది సార్. జర లేటైంది."