నీలం గీతకి అవతల

"మా గోడకి ఆ ఎర్రరంగేటి? నీ అత్తోరిల్లనుకున్నావేటి?"

కనక చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సర్వే ఆఫీసు పైడిరాజు బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. పాత వరద ఎంత ఎత్తుకొచ్చిందో గోడకి గుర్తు పెడుతున్నాడు. ఏరు పొంగితే ఏ ఇల్లు మునుగుతుందో మ్యాపు గియ్యడానికి డెబ్భై తొమ్మిది వేసవిలో సీలేరు కొండలెక్కాడు పాపం. కనక చూపుకి ముందు తనే మునిగాడు.

నెల తిరక్కుండా చనువు పెరిగింది. విమానంలోంచి తీసిన ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టి, అద్దాల్లోంచి చూడమన్నాడు. కొండలు లేచి నిలబడ్డాయి. కనక కెవ్వుమని, వేలితో తడమబోయింది. తర్వాత పక్కనున్న అతని మ్యాపు మీదికి వంగింది.

"ఈ నీలం గీతేటి, బాబూ?"

"పెద్ద వరదొస్తే నీళ్ళు అక్కడిదాకా వస్తాయి. లోపలున్న ఇళ్ళు ఖాళీ చేయిస్తారు."

"మా ఇల్లు లోపలే ఉంది." ఆమె మొహం వాడిపోయింది. "మాదొక్కటీ బయటెట్టీవా? మా అయ్య ఆ ఇల్లొదిలి బతకడు."

గీత ఒక్క నూలు జరిపాడు. కాగితం మీద అదెంత! ప్రేమలో పడ్డవాడి బుర్ర మోకాల్లోనే ఉంటుంది మరి.

ఆ వారమే కనక తండ్రి గాసి అతనికి ఆకుదొప్పలో జీలుగు కల్లు పోశాడు. అల్లుడిగా ఒప్పుకున్నట్టే. దొప్ప అందుకున్న అల్లుడి మాట ఆ ఊళ్ళో మామ కాదనకూడదు, కాదంటే కూతురి కాపురానికి చెరుపట. ఆ సంగతి తెలిసి కూడా, "మీ ఇంటికి నీళ్ళు రావు మావా" అనేశాడు పైడిరాజు.

శ్రావణంలో ఏరు విరుచుకుపడింది. విశాఖపట్నం వెళ్ళిన పైడిరాజు, రోడ్లు తెగి, పదకొండో రోజుకి గాని చేరలేకపోయాడు. ఇల్లు లేదు. పై ఊరి బడి అరుగు మీద కనక ఒక్కతే కూర్చుంది.

"మావేడీ?"

"ఊరంతా బేగి కొండెక్కీసినారు. నాను సెయ్యట్టుకు లాగినాను. 'నీళ్ళు రావని అల్లుడు సెప్పినాడు, కాదని నానెక్కితే నీకు మంచిది కాదే గుంటా' అని కూకుండిపోనాడు."

పైడిరాజు సంచీలోంచి మ్యాపు తీసి ఆమె ముందు పరిచాడు. "ఆ గీత నేను జరిపాను కనకా. నన్ను కొట్టు."

"ఎరుగుదును. జరపమంది నానే గదా. కొత్త కాయితం తియ్యి. ఎక్కడుండాలో అక్కడ గియ్యి."

గీశాడు. నీలం గాసి ఇంటిని దాటి ఇంకా పైకి పోయింది.

"నాతో వచ్చెయ్ కనకా."

"ఎలాగొత్తాను? నిన్ను సూత్తే మా అయ్యే అవుపిత్తాడు." ఆమె లేచింది. "నీ మీద కోపమొత్తే బతికిపోదును రాజూ. ఎంతకీ రానేదు."