కృతజ్ఞత చాలలేదు

గాజు అరలో ఉన్న పాత మిక్సీ మీద రెండు చేతులూ ఆనించి, "ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ పచ్చళ్లు నూరిపెట్టావు, వెళ్లిరా" అన్నాడు ఒక ముసలాయన. కృతజ్ఞతామాపకం ఆ గొంతు విని ఆకుపచ్చగా వెలిగింది. అర అడుగున తలుపు తెరుచుకుని, మిక్సీ కొలిమిలోకి జారిపోయింది. కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగిని కుసుమ కొత్త మిక్సీ అందించి, వరుసలో తరువాతి మనిషి కోసం చూసింది.

అప్పలసూరి. నిన్న వచ్చాడు, మొన్నా వచ్చాడు. రెండుసార్లూ కొత్తది దొరక్కుండానే వెళ్లాడు.

గనులు అడుగంటిపోయాక ఈ కొండ మీది నగరంలో కొత్త లోహం లేదు. పాతది కరిగితేనే కొత్తది. వాడి పారేసే బుద్ధే మనుషుల్ని ఈ స్థితికి తెచ్చిందని పెద్దలు మరుజన్మశాలలు కట్టించారు. ప్రతి వస్తువుకూ మనసారా కృతజ్ఞత చెప్పాకే దాన్ని కరిగించాలని, అప్పుడే బదులు వస్తువు ఇవ్వాలని నియమం పెట్టారు. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఆ తొలిరోజుల్లో కుసుమ తల్లి తెగిపోయిన చెప్పులకు దణ్ణం పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుందట.

అప్పలసూరి చేతుల్లో ఉన్నది ఊపిరిపెట్టె. మైదానం నుంచి ఎగసివచ్చే బూడిదకు ఊపిరితిత్తులు చెడినవాళ్లు దాన్ని ఛాతీకి కట్టుకుని బతుకుతారు. అతని భార్య ఎర్నమ్మ అలాగే బతికింది. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఉండగా ఆ పెట్టె ఆగిపోయింది. అతను పని నుంచి వచ్చేసరికి ఆమె లేదు. ఇప్పుడు అదే జబ్బు కూతురికి వచ్చింది.

"పాపకి ఎలా ఉంది?" అని అడిగింది కుసుమ.

"పక్కింటోళ్ల పెట్టె అడిగి కట్టేను. సాయంత్రానికి ఇచ్చీమన్నారు. ఆల ముసలమ్మకీ కావాల గదా."

"ఈసారి నెమ్మదిగా చెప్పు బాబూ. అది బాగా పనిచేసిన రోజులు తలుచుకో."

"ఆ రోజులు తలిస్తే మా ఎర్నమ్మ గురుతొత్తాది. అది గురుతొత్తే ఇది ఆగిపోయిన రోజు గురుతొత్తాది. నానేటి సెయ్యను తల్లీ?"

అయినా పెట్టెను అరలో పెట్టి చేతులు ఆనించాడు. "మా ఆడదాన్ని సల్లగా సూసినావు. నీకు దండం" అన్నాడు.

మాపకం ఎర్రగా వెలిగింది. "కృతజ్ఞత చాలలేదు" అంది యంత్రం, ఎప్పటిలాగే మృదువుగా.

మళ్లీ చెప్పాడు. మళ్లీ ఎరుపు. ఆపైన పెదాలు మాత్రం కదిలాయి. నుదురు గాజుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. వెనక వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు.

కుసుమ లేచింది. నిల్వగదిలోకి వెళ్లి ఒక కొత్త ఊపిరిపెట్టె తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదీ ఆగిపోద్దా అమ్మా?"

"తెలీదు" అంది.

అది నిజం. ఆమె కళ్లముందే ఎన్నో ఊపిరిపెట్టెలు కరిగాయి. వాటిలో ఎన్ని మనుషుల ఛాతీ మీదే ఆగిపోయాయో చెప్పగలవాళ్లు నగరంలో లేరు. మాపకం కృతజ్ఞత తప్ప మరేమీ వినదు. ఆగిపోయిన పెట్టె కరిగి, అదే అచ్చులో, బహుశా అదే లోపంతో, ఇంకొకరి ఛాతీ మీదికి వెళుతుంది.

అప్పలసూరి ఇంకో మాట అనకుండా పెట్టెను గుండెలకు హత్తుకుని పరుగెత్తాడు. నేల కింద కొలిమి హోరు తగ్గి, ఆగిపోయింది.

పై అంతస్తు నుంచి శాలాధికారి జగన్నాథం గొంతు స్పీకరులో వినిపించింది. "కుసుమా, కృతజ్ఞత లేకుండా వస్తువు బయటికెళ్లింది. అందుకే కొలిమి ఆగింది. అతని పాత పెట్టె అరలోనే ఉంది కదా, దానికి నువ్వు చెప్పేయ్. నీ గొంతుకి ఎప్పుడూ ఎరుపు రాలేదు. అంతా సర్దుకుంటుంది."

"చెప్పకపోతే?"

"నీ ఉద్యోగం, నీ ఇల్లు రెండూ శాలవే తల్లీ. నేను అడ్డుపడలేను."

కుసుమ చేతులు అరలో పెట్టి పెట్టె మీద ఆనించింది. చెప్పాల్సిన మాటలు ఆమెకు నోటికి వచ్చు. అవి రాలేదు.

"నువ్వు పని చెయ్యలేదు" అంది. "ఎర్నమ్మ నిన్ను నమ్ముకుంది. నువ్వు ఆగిపోయావు, ఆవిడ చచ్చిపోయింది. నిన్ను కరిగించనివ్వను. ఎందుకు ఆగావో ఎవరైనా విప్పి చూడాలి."

మాపకం ఎర్రగా వెలగలేదు, ఆకుపచ్చగానూ వెలగలేదు. దాని దీపం ఆరిపోయింది. కుసుమ పెట్టెను అరలోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టింది. శాల మనిషే ఒక వస్తువును కరగనివ్వకుండా బయటికి తీయడం ఆ వరుసలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"ఏం చేస్తున్నావు? లోపల పెట్టు" అంటోంది స్పీకరు.

వరుసలో ముందున్న నడివయసు ఆమె కొంగు కింద దాచిన మూట విప్పింది. అందులోనూ ఊపిరిపెట్టే ఉంది.

"మా కొడుకుది" అంది తలెత్తకుండా. "రేతిరంతా మంచి మాటలు కూడబలుక్కున్నాను, ఇక్కడ సెప్పీడానికి. ఇదీ ఆగిపోయిందేనమ్మా."

కుసుమ బల్ల మీద చోటు చేసింది.