కనకలత కుట్టుమిషన్

అప్పలసూరి ఆ ఉదయం తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆ రోజు తెలుగువాళ్ళూ హిందీవాళ్ళూ కలిసి ఉండే తమ మరోదా బస్తీలో ఆడవాళ్ళకు ఉచితంగా కుట్టుమిషన్లు పంచే సభ. ఉక్కు కర్మాగారంలో రిటైరైనప్పటి నుంచి అతను వార్డు నాయకుడి వెంటే తిరుగుతున్నాడు. అందరూ భయ్యాజీ అని పిలిచే ఆ నాయకుడు, వేదిక మీద పేర్లు చదివే పని అతనికే అప్పగించాడు.

ప్రభుత్వ సేవాకేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేసే కూతురు కుముదిని ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"నాన్నా, కిందటేడు మిషన్లు తీసుకున్నవాళ్ళ జాబితా ఇది. అమ్మ పేరు కూడా ఉంది."

"మీయమ్మకి మిషనెప్పుడిచ్చారు?"

"అదే నేనూ అడుగుతున్నాను. మన గల్లీలో సగంమంది పేర్లున్నాయి. ఒక్కరింట్లోనూ మిషన్ లేదు. అవన్నీ ఎక్కడికెళ్ళాయి?"

అప్పలసూరికి కోపం ముంచుకొచ్చింది. "నా కాలిరిగినప్పుడు తన కార్లో ఆస్పత్రికి తీసికెళ్ళింది భయ్యాజీయే. పేదోళ్ళ పక్కనున్నాడని పెద్దోళ్ళకి మంట. నువ్వూ ఆళ్ళ మాటే ఆడతన్నావేటి? ఉద్యోగమొచ్చీసరికి తండ్రి తెలివితక్కువోడైపోనాడా?"

కుముదిని కళ్ళు చెమర్చాయి. "అడిగినవాళ్ళందరూ పేదల శత్రువులే అంటాడు. అలా అంటూనే పేదలది తినేస్తుంటే ఎలా ఊరుకోను నాన్నా?"

వంటింట్లోంచి తల్లి కనకలత చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం అందుకుంది. తన పేరు పక్కన నల్లటి వేలిముద్ర.

"ఇదేటయ్యా? నాను ఏలిముద్రేసే మనిషినా? పెళ్ళైన కొత్తలో డ్యూటీ నుంచొచ్చి, నా సెయ్యట్టుకుని సంతకం నేర్పింది నువ్వు కాదా?"

అప్పలసూరి కూలబడిపోయాడు. భార్య మొహంలోకి చూడలేకపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

సభకు కనకలత, కుముదిని కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. భయ్యాజీ గొంతెత్తి, "నేను పేదింటి బిడ్డను, మీ బిడ్డను! నన్ను వేలెత్తి చూపేవాళ్ళు మీ శత్రువులు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. తర్వాత మైకు అప్పలసూరి చేతికొచ్చింది. అతను కొత్త జాబితా పక్కనపెట్టి, జేబులోది తీశాడు.

"బేబీ దీదీ, కిందటేడు మీకు మిషన్ వచ్చిందా?" అని హిందీలో అడిగాడు.

"నహీ మిలీ!" రాలేదంది బేబీ లేచి నిలబడి.

"నూకాలమ్మప్పా, నీకో?"

"రాలేదు బాబూ!"

ఒకరి వెంట ఒకరు ఆడవాళ్ళు లేచారు. భయ్యాజీ మొహం మాడిపోయింది. "సూరి భయ్యా, ఎవరు పంపారు నిన్ను?"

అప్పలసూరి మైకు వదల్లేదు. "నా పెళ్ళాం పంపింది భయ్యాజీ. శత్రువులు కాదు, పేదోళ్ళే అడుగుతున్నారు. చెప్పండి."

వేదిక మీదున్న జిల్లా అధికారి ఆ కాగితం తీసుకున్నాడు. విచారణ జరిపిస్తామనీ, ఈరోజు వచ్చిన మిషన్లు ముందుగా పాత జాబితాలోని వాళ్ళకే ఇస్తామనీ ప్రకటించాడు. భయ్యాజీ వెనక మెట్ల మీంచి దిగిపోతుంటే ఒక్క జై కూడా వినబడలేదు.

అప్పలసూరి మైకుతోనే వేదిక దిగి, ముందు వరుసలో ఉన్న కూతురి దగ్గరకు వచ్చాడు.

"తల్లీ, పొద్దున్న నోరు జారీసేను."

కుముదిని తండ్రి భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. అతను కూతురి తల నిమిరి, మైకు భార్య చేతిలో పెట్టాడు.

నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని కనకలత నిటారుగా నిలబడింది.

"నా పేరు కనకలత. నా మిషన్ నాకిచ్చీండి!"

ఆ గుంపులో సగంమందికి తెలుగు రాదు. అయినా అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.